వింగు పక్కన ముక్కాలిపీట

ఈ కబురు నాకు మొదట తెచ్చింది హార్మోనియం కోటయ్యగారు. తెనాలి మనిషి, నాటకాలకు హార్మోనియం వాయిస్తారు. మా నంద్యాల దర్గాలో కవ్వాలీ పాడేవాళ్ళ హార్మోనియాలకు తిత్తులు మార్చడానికి ఏడాదికోసారి వస్తారు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీ తాగి వెళ్తారు. ఈసారి చెప్పులు విప్పకముందే చెప్పేశారు.

"అమ్మా, మీ హబీబున్నిసా ఖాలాకి రేపల్లెలో సన్మానమంటండి. ఆవిడ నాటకం కాపీని పుస్తకంగా కూడా వేస్తన్నారంట. ఆ పుస్తకం విడుదల, ఆ తర్వాత నాటకం, చివర్లో సన్మానం."

ఖాలా అంటే పిన్ని. రక్తసంబంధం లేదు. చిన్నప్పుడు బాపట్లలో మాది ఒక వాటా, ఆమెది పక్క వాటా. నేను బడి మొహం చూడలేదు. అరబ్బీ అక్షరాలు అమ్మ నేర్పింది, తెలుగు అక్షరాలు ఖాలా నేర్పింది. ఆమె దగ్గర వాచకం లేదు, చేత్తో రాసుకున్న నాటకం కాపీ ఉంది. అందుకని నేను 'అ, ఆ'ల తర్వాత నేరుగా 'ప్రవేశము', 'నిష్క్రమణ' చదివాను.

ఖాలా నలభై ఏళ్ళు పద్యనాటకాలకు ప్రాంప్టరు. వేషం కట్టినవాడు పద్యం మర్చిపోతే, వింగు పక్కన, అంటే స్టేజీ పక్క తెర చాటున, ముక్కాలిపీట మీద కూర్చుని, జనానికి వినపడకుండా అతనికి మొదటి మాట అందించే మనిషి. అంత పని చేసిన ఆమె పేరు ఒక్క కరపత్రం మీద కూడా పడలేదు. అందుకే కోటయ్యగారి మాట వినగానే రెండు రకాతుల శుక్రానా నమాజు చేసుకుని సంచీ సర్దుకున్నాను.

జరిగిన మంచికి వెంటనే కృతజ్ఞత చెప్పాలని అమ్మ నేర్పింది. ఈ ప్రయాణంలో ఆ అలవాటు నాకు చాలా కష్టమైంది. కోపంతో తిరిగొచ్చిన దారి ఇది. నవ్వుతూ రాయడం నాకు చేతకాదు.

తెనాలి

స్టేషన్ బయట పొద్దున్నే జిలేబి వేస్తున్నారు. మా వైపు జిలేబి పంచదారపాకంతో నారింజరంగులో ఉంటుంది. ఇక్కడిది బెల్లంపాకం, నల్లగా, వేడివేడిగా. పొట్లం ముప్ఫై రూపాయలు.

"ఊరికి కొత్తా అమ్మా?" అన్నాడు వేసే అతను.

"పాతే. మధ్యలో పోయి వచ్చా."

"ఐతే తిన్నాక చెయ్యి కడుక్కోవద్దండి. మధ్యాన్నం దాకా వాసన చూసుకోవచ్చు."

ఆ మాటకు కడుక్కోకుండానే రామ్మూర్తిగారి డ్రెస్ కంపెనీకి వెళ్ళాను. నాటకాలవాళ్ళకు కిరీటాలు, గదలు, జడలు, జరీ కోట్లు అద్దెకిచ్చే దుకాణం అది. రామ్మూర్తిగారు ఒకప్పుడు స్త్రీ వేషధారి. ముప్ఫై ఏళ్ళు రాణి వేషం కట్టారు. ఇప్పుడు డెబ్భై దాటాయి. కళ్ళజోడు తుడుచుకోవడంలో కూడా ఇంకా ఆ రాణి ఉంది.

"మీ ఖాలా లేకపోతే నేను రాణిని కాదమ్మా, బిక్కమొహం వేసుకున్న మొగాణ్ణి," అన్నారు.

నాటకం తెలియని పాఠకులకోసం ఆయన చెప్పింది రాస్తున్నాను. పూర్వం వీధినాటకంలో ఇద్దరు మనుషులు చెరో చివర పట్టుకున్న దుప్పటే తెర. తర్వాత పందిళ్ళు, రంగుల తెరలు, హార్మోనియం వచ్చాయి. నాందితో మొదలై అంకాలు, అంకాల్లో రంగాలుగా నడిచి భరతవాక్యంతో ముగిసేది నాటకం. పద్యం బాగుంటే జనం 'వన్స్‌మోర్' అని అరిచేవాళ్ళు, మళ్ళీ పాడాలి. చచ్చిపోయిన పాత్ర లేచి కూర్చుని పాడి మళ్ళీ చచ్చిపోయిన రోజులున్నాయట.

ఇక కంట్రాక్టు నాటకమని ఒకటుంది. రాజు ఒంగోలు నుంచి వస్తాడు, రాణి తెనాలి, మంత్రి ఏలూరు. ఒకరి మొహం ఒకరు చూసుకునేది తెర లేచాకే. రిహార్సలు ఉండదు. రాజు వేషానికే ముగ్గురు వచ్చి అంకానికొకరు కట్టేవాళ్ళు. ఒకాయన పద్యం మొత్తం పాడతాడు, ఇంకొకాయన సగంలో ఆపేస్తాడు.

"అందరికీ తెలిసిన నాటకం ఒకటే, కానీ ఎవడి నాటకం వాడిది," అన్నారు రామ్మూర్తిగారు. "ఆ ముక్కలన్నీ కలిపి కుట్టేది వింగులో మీ ఖాలా. నాకు మాట అందించేది. కోటయ్యకి వేలు చూపించేది. ఒంగోలు రాజుకి కాగితం తిప్పిన చప్పుడు చాలు. ఒకసారి ఒక కొత్తోడు, 'కన్నీరు తుడుచుకుంటూ' అని ఆవిడ గుర్తు చేస్తే అది కూడా పద్యంలాగా రాగం తీశాడు!"

నవ్వాను. నవ్వుతూనే అడిగాను: "సన్మానానికి మీరూ వస్తున్నారు కదండీ?"

ఆయన నవ్వు ఆగింది. బల్ల సొరుగులోంచి కరపత్రం తీసి ఇచ్చారు. సన్మాన గ్రహీతలు పన్నెండుమంది. రామ్మూర్తిగారు ఉన్నారు, కోటయ్యగారు ఉన్నారు, మేకప్ ఆయన, తెరలు లాగిన ఆయన కూడా ఉన్నారు. ఖాలా లేదు.

"అడిగానమ్మా. ప్రాంప్టరుకి పేరు వెయ్యటం ఆనవాయితీ కాదన్నారు."

"మరి తెర లాగినాయనకి?"

"అదే నేనూ అడిగా. తెర జనానికి కనపడుద్ది కదండీ అన్నాడు ఈ సన్మానం చేస్తున్న నాటక సమాజం కార్యదర్శి."

అచ్చాఫీసు

పుస్తకం అచ్చవుతున్న చోటు రెండు వీధుల అవతలే. కట్టలు కట్టి బల్లమీద పెట్టి ఉన్నాయి. అట్ట మీద నాటకం రాసినాయన పేరు సరిగ్గానే ఉంది. ఒక పల్లెటూరి బడిపంతులు, ఎప్పుడో పోయారు. ఇచ్చిన మాట కోసం రాజ్యం వదులుకునే రాజు కథ అది. కింద 'రంగప్రతి' అని ఉంది. రంగప్రతి అంటే రాసిన నాటకం కాదు, ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ ఆగాలో తేలాక స్టేజీ మీద ఆడే నాటకం. దానికింద 'కూర్పు' అని కార్యదర్శిగారి పేరు.

ఆ కూర్పు నలభై ఏళ్ళు వింగులో జరిగింది, చిన్నప్పుడు నా కళ్ళతో చూశాను. చిన్న సున్న చుడితే ఊపిరి. నిలువుగీత గీస్తే హార్మోనియం వచ్చేదాకా ఆగు. అంచుల్లో మాటలు.

పేజీలు తిప్పాను. రాణి మాటల మధ్యలో ఇలా ఉంది: 'తొందరపడకు నాయనా, ఊపిరి తీసుకో.'

అది నాటకంలో మాట కాదు. వీడ్కోలు పద్యం ముందు ఏడ్చి ఏడ్చి రామ్మూర్తిగారికి ఊపిరి అందేది కాదు, పద్యం పరుగెత్తించేవారు. అది ఆయనకోసం ఖాలా అంచులో రాసుకున్న మాట, వింగులోంచి ఆయనకు చెప్పిన మాట. దాన్ని తీసుకెళ్ళి రాణి నోట్లో పెట్టేశారు. కూర్చినాయనకు తను కూర్చిందేమిటో తెలియదు.

అచ్చాఫీసు ఆయనకు చూపించాను.

"మాకిచ్చింది మేం కొట్టామండి. నాటకాల భాష మాకేం తెల్సు. ఈ ప్రూఫులే రెండు నెలల నాడు రిహార్సల్స్‌కి పట్టుకెళ్ళారు. అన్నట్టు ఒక చోట 'మగ్రిబ్ అయ్యాక' అని ఏదో ఉందండి, అర్థం కాక తీసేయించాం."

సాయంత్రం నమాజు వేళ దాటాక మొదలయ్యే రంగం ఏదో గుర్తుగా ఆమె రాసుకున్నది అది. అర్థమైనవన్నీ ఉంచుకున్నారు, అర్థం కానిది కొట్టేశారు. ఆ పుస్తకం మొత్తంలో రాసింది ఎవరో చెప్పే మాట అదొక్కటే.

ఆ రాత్రి అంగలకుదురులో రామ్మూర్తిగారింట్లో ఉన్నాను. ఆయన భార్య గోంగూరలో పచ్చిరొయ్యలు వేసి వండింది. నేను తలుపు వేసుకుని నమాజు చేసుకుంటే బయట టీవీ గొంతు తగ్గించింది. ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

బాపట్ల

ఖాలా ఇప్పుడు ఒంటిగది వాటాలో ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. వినికిడి తగ్గింది, కంఠం తగ్గలేదు. అదే సన్నని, గురి తప్పని గొంతు.

"సన్నబడ్డావేంటే? నంద్యాల్లో జొన్నరొట్టెలు తప్ప ఏం పెట్టరా?" అంది. ఇడ్లీ తెప్పించింది, కారప్పొడిలో నెయ్యి పోసింది. మా వైపు పొద్దున పూట బొరుగుల ఉగ్గాని, బజ్జీ. ఇక్కడ ఇడ్లీ నోట్లో పెడితే కరిగిపోతుంది, కారం మాత్రం మధ్యాహ్నం దాకా పలకరిస్తుంది.

గోడవార ఆ ముక్కాలిపీట ఉంది. దాని మీద కాపీ ఉండే చోటు ఖాళీ.

ఆమె వింగులోకి ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పాలి. వాళ్ళ నాన్న డ్రెస్ కంపెనీకి జరీ పని చేసేవాడు. ప్రాంప్టరు జబ్బుపడిన ఒకరోజు, తెలుగు గడగడా చదివే ఈ పదిహేడేళ్ళ పిల్లను అడిగారు. నాన్న ఆలోచించి, "తెర పక్కనే కదా, ఎవరికీ కనపడదు," అని ఒప్పుకున్నాడు. కనపడకపోవడం ఆమెకు దొరికిన అనుమతి. ఈ పెద్దమనుషులు దాన్నే పేరు ఎగ్గొట్టడానికి సాకు చేసుకున్నారు.

చెప్పాలా వద్దా అని గంటసేపు నలిగాను. చివరికి అట్ట సంగతి, కరపత్రం సంగతి చెప్పేశాను.

"నా గుర్తులు వేశారా?" అంది.

"మాటల్లో కలిపేశారు ఖాలా. ఊపిరి తీసుకో అన్నది రాణి అంటున్నట్టు."

ముందు పగలబడి నవ్వింది. తర్వాత ఉలిక్కిపడింది. "అయ్యో, ఆ పిల్లలు అదే కంఠతా పట్టి ఉంటారే! స్టేజీ మీద అభాసుపాలవుతారు. ముందే వెళ్ళి చెప్పాలి బేటీ."

"నీ పేరు సంగతి చెప్పవేంటి నువ్వు?"

"మన పని వినపడకపోవడమే కదా."

"పని వినపడకూడదు. పేరు వినపడకూడదని ఏ కాపీలో రాసుంది?"

పెద్దదాని మీద గొంతు లేపాను. తప్పయిందని దేవుడికి తౌబా చెప్పుకున్నాను. ఆమె మాత్రం నొచ్చుకోలేదు. పీట వైపు చూస్తూ, "కాపీ ఇస్తే చాలు. సన్మానంలో చేతికిస్తామని చెప్పి కార్యదర్శిగారే పట్టుకెళ్ళారు," అంది. ఇంకోటి కూడా అంది: "నేను ఆ నాటకం ఎదురుగా ఎప్పుడూ చూడలేదే. రాజుగారి కుడి చెవి తెలుసు, రాణిగారి జడ తెలుసు. మొహాలు తెలీవు. ఒక్కసారి ముందు కూర్చుని చూడాలి."

పిట్టలవానిపాలెం మీదుగా

మర్నాడు మధ్యాహ్నం రేపల్లె బస్సు. పిట్టలవానిపాలెం దాటేదాకా రెండువైపులా వరి పొట్టమీద ఉంది. మా వైపు నల్లరేగడిలో శనగ చూసిన కళ్ళకు ఇంత పచ్చ ఒక్కసారి చూడటం కష్టం. ఖాలా సీట్లో కూర్చుని పెదవులు కదిలిస్తోంది. దేవుడి నామాలు లెక్కపెడుతూ తస్బీహ్ చదువుతోందనుకున్నాను. చెవి పెట్టి వింటే నాంది పద్యం.

పక్కసీటు పెద్దమ్మ రెండు జామకాయలు ఇచ్చింది. "మీ అమ్మా?" అంది నాతో.

"నాకు చదువు చెప్పిన పంతులమ్మండి."

"ఐతే ముందామెకి ఇవ్వు," అని నా చేతిలో కాయ లాక్కుని ఖాలాకు ఇచ్చింది. మూడు రోజుల్లో ఎవరికి ముందు ఇవ్వాలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కనిపించింది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి.

రేపల్లె

ఇప్పుడు నాటకాలు తెల్లవార్లూ ఆడరు. ఆరింటికి మొదలు, తొమ్మిదిన్నరకు సరి. మేము నాలుగున్నరకే హాలు చేరాం. మేకప్ గది ముందు బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాళ్ళు ఆపేశారు.

"ఆర్టిస్టులు మేకప్‌లో ఉన్నారండి. లోపలికి వెళ్ళకూడదు."

"ఒక్క మాట చెప్పాలి బాబూ, పుస్తకంలో ఒక తప్పు..." అంది ఖాలా.

"ప్రాంప్టింగులు లేవమ్మా ఇప్పుడు. పోటీల్లో ప్రాంప్టింగ్ వినపడితే మార్కులు పోతాయి. అందరూ కంఠతా పట్టేశారు."

"ఆ సంగతి చెప్పడానికే వచ్చాం!" అన్నాను నేను. నా అరుపుకు నలుగురు తిరిగి చూశారు. కార్యదర్శిగారు రెండు చేతులూ జోడిస్తూ వచ్చారు. ఎంత వినయమో! "అమ్మా, మీరొచ్చారా, సంతోషం. మాట్లాడుకుందాం, తర్వాత మాట్లాడుకుందాం," అంటూ వినయంగానే వెళ్ళిపోయారు.

ముందు వరుస కుర్చీలో ఖాలా కూర్చోబోతే, "ఇవి ఆర్టిస్టులకండి," అని లేపారు. మూడో వరుస చివర, స్తంభం పక్కన చోటిచ్చారు. నేను నోరు తెరవబోతే ఖాలా నా చెయ్యి నొక్కింది. "ఇక్కణ్ణుంచి మొహాలు కనపడతాయిలే," అంది.

తెర లేచింది. ఆమె ముందుకు వంగి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూసింది. "రాజు నవ్వుతాడే ఇక్కడ! నాకు తెలీదు," అంది. నలభై ఏళ్ళు నడిపించిన నాటకాన్ని ఆమె ఆ సాయంత్రం మొదటిసారి చూసింది.

వీడ్కోలు రంగం వచ్చింది. రాణి వేషం కట్టిన అమ్మాయి చెరుకుపల్లిలో టీచరట. ఇప్పుడు స్త్రీ వేషాలు స్త్రీలే కడుతున్నారు, అందుకు నాకు సంతోషమే. రాజు వెళ్ళిపోతున్నాడు. పసి యువరాజు వేషంలో ఉన్న చిన్నపిల్ల తండ్రి వెనక పరుగెత్తబోయింది. ఖాలా వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి.

రాణి మోకాళ్ళ మీద కూర్చుంది. పాపను దగ్గరకు తీసుకుంది. కన్నీళ్ళు మింగుకుంటూ, "తొందరపడకు నాయనా... ఊపిరి తీసుకో," అంది.

ఎవరూ నవ్వలేదు. ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. తర్వాత వెనకనుంచి మొదలైంది: "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" పద్యానికి కాదు, ఆ మాటకు. అర్థం తెలియని మాటకు ఆ అమ్మాయి తనే ఒక అర్థం వెతుక్కుంది. మళ్ళీ అంది. మళ్ళీ చప్పట్లు.

ముందు వరుసలో రామ్మూర్తిగారు లేచి నిలబడ్డారు. కండువా కిందపడింది.

"అది నాటకంలో లేదయ్యా!" అన్నారు, రాణి గొంతుతో కాదు, సొంత గొంతుతో. "అది హబీబున్నిసా మాట! వింగులోంచి నాకు చెప్పేది! ముప్ఫై ఏళ్ళు నాకు చెప్పింది!"

"కూర్చోండి పెద్దాయనా, నాటకం నడుస్తోంది," అన్నారు బ్యాడ్జీలవాళ్ళు. స్టేజీ పక్కన వాయిస్తున్న కోటయ్యగారు హార్మోనియం మీద పద్యం ఎత్తుకున్నారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఖాలా వైపు తిరిగాను. ఆమె స్టేజీ వైపే చూస్తోంది. "బాగా చెప్పింది పిల్ల," అంది. "నేనెప్పుడూ అంత గట్టిగా అనలేదు."

తెర పడ్డాక

భరతవాక్యం అయ్యాక శాలువాలు. పన్నెండు పేర్లు మైకులో చదివారు. చివర్లో కార్యదర్శిగారు అన్నారు: "ఈరోజు ప్రేక్షక మహాశయుల్ని కంటతడి పెట్టించిన ఆ ఒక్క మాట, మన రంగప్రతి గొప్పతనం!" మళ్ళీ చప్పట్లు.

రామ్మూర్తిగారు తన శాలువా మడిచి కార్యదర్శిగారి చేతిలోనే పెట్టి, చెవిలో ఏదో అన్నారు. ఆయన మొహం మాడింది. మైకు అందుకుని, "మన సమాజానికి సేవ చేసిన పెద్దావిడ ఒకరు కూడా ఇక్కడున్నారు, వారిని వేదిక మీదకు..." అన్నారు. పెద్దావిడ. పేరు తెలియక కాదు. కాపీ తీసుకెళ్ళిన రోజు ఖాలా గుమ్మంలో నిలబడి ఆ పేరుతోనే పిలిచారట.

ఖాలా మెట్లు ఎక్కింది. వింగు వైపు వెళ్ళబోయి, ఆగి, మధ్యకు వచ్చింది. శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మైకు అక్కర్లేదు ఆ గొంతుకు. అన్నేళ్ళు వినపడకుండా మాట్లాడిన మనిషి ఈసారి వినపడేలా అడిగింది:

"శాలువా వద్దు బాబూ. నా కాపీ ఇవ్వండి."

"రేపు పంపిస్తాం అమ్మా, తప్పకుండా," అన్నారాయన మైకు మూసి.

మేము బయటికి వస్తుంటే, రాణి వేషం ఇంకా తియ్యని ఆ టీచరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "మీరేనాండీ? ఆ మాట తప్పని నాకు తెలీదండి," అని కాళ్ళకు దండం పెట్టబోయింది. ఖాలా ఆమెను లేపి, "తప్పు కాదులే. ఈసారి నుంచి అన్న తర్వాత రెండు లెక్కపెట్టి పద్యం ఎత్తుకో," అని చెప్పింది. ప్రాంప్టరు పని ఆమె మానలేదు, వాళ్ళే మాన్పించారు.

నేను నంద్యాల వచ్చి నెల దాటింది. కాపీ ఇంకా రాలేదు. కోటయ్యగారు రెండుసార్లు అడిగారట, రామ్మూర్తిగారు నాలుగుసార్లు. నేను ప్రతి నమాజులోనూ ఖాలాకూ, వాళ్ళిద్దరికీ, జామకాయ ఇచ్చిన పెద్దమ్మకూ, ఆ టీచరమ్మకూ మేలు కోరుకుంటున్నాను. కార్యదర్శిగారి కోసం కూడా అడగాలని కూర్చుంటాను. ఇంకా నాలుక కదలడం లేదు. దేవుడు నన్ను క్షమించాలి.

చదివినవాళ్ళను నేను కోరేది ఒక్కటే. ఆ పుస్తకం మీ చేతికి రావచ్చు. నాటకం మీ ఊరికి రావచ్చు. వీడ్కోలు రంగంలో రాణి మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు మీకూ కళ్ళు చెమ్మగిల్లవచ్చు. అప్పుడు స్టేజీ మధ్యకు చూడకండి. మీ ఎడమవైపు వింగు పక్కన, ముక్కాలిపీట పట్టేంత చోటు ఉంటుంది. అటు చూసి ఒక్కసారి ఈ పేరు తలుచుకోండి: షేక్ హబీబున్నిసా, బాపట్ల. గట్టిగానే అనండి, జనానికి వినపడేలా.